పుంజును చంకన పెట్టుకుని గది వెతికినప్పుడు

మా తమ్ముడు యేసురత్నం నిజాన్ని ఇస్త్రీ చేసి తొడుక్కునే మనిషి. ముడత ఒక్కటి కనిపించనివ్వడు. కాలేజీలో పాఠాలు చెప్పి, ప్రిన్సిపాలుగా దిగిపోయి, ఖానాపురం హవేలిలో రెండంతస్తుల ఇల్లు కట్టుకుని, కింద తానుంటూ పైభాగానికి టు-లెట్ బోర్డు వేలాడదీసుకున్నాడు. నేను ఏడో తరగతిలో బడి మానేసి, బెల్లం పొట్లం కట్టిన కాగితం మొదలుకొని పాస్టరు గారి అటక మీది పుస్తకాల దాకా దొరికిందల్లా చదివి ఇంత అక్షరం కూడబెట్టుకున్నవాణ్ణి. వాడి చదువుకు పట్టాలున్నాయి. నా చదువుకు జ్ఞాపకం ఒక్కటే ఉంది. అందుకే మేమిద్దరం ఒక గదిలో కూర్చుంటే వాడికి ఎప్పుడూ కాస్త ఉక్కపోతగా ఉంటుంది.

మొన్న వేసవి చివర్లో అలాగే కూర్చున్నాం. నా మనవరాలు కెజియాకు హైదరాబాదులో ఆ పాత రాతి యూనివర్సిటీలో ఎమ్మే సీటు వచ్చింది. హాస్టల్ గదుల సంగతి తరవాత చూస్తామన్నారు, తరగతులు మాత్రం ముందే మొదలవుతున్నాయట. బయట గది దొరికితే సరే, దొరక్కపోతే ఈ ఏడు ఊరుకుని ఖమ్మంలోనే ఏదో ఒకటి చదువుకోవాలని నా కొడుకు తీర్మానం. కాబట్టి పిల్ల చదువు మొత్తం ఒక తలుపు తెరుచుకోవడం మీద ఆధారపడింది. ఆ తలుపు ఎట్లా తట్టాలో చెప్పడానికి చిన్నతాత ఇంట్లో సభ. అందరూ ఫోన్లలో తలలు పెట్టి, ఏ హాస్టల్‌కు ఎన్ని చుక్కలున్నాయో చూస్తున్నారు. మా కాలంలో చుక్కలు ఆకాశంలో ఉండేవి, ఇప్పుడు బాత్రూములకు కూడా పెడుతున్నారు.

"కెజియా, ఇటు విను," అన్నాడు తమ్ముడు, పాఠం గొంతుతో. "విద్యానగర్ వైపే చూడాలె. మంచి కుటుంబాలుంటయి. నాన్‌వెజ్ తిననని చెప్పు. చర్చి సంగతి వాళ్లు అడిగితే తప్ప ఎత్తకు. పేరడిగితే ఇంట్ల పిలిచే పేరు చెప్పు. స్వాతి అను."

"నన్ను ఇంట్ల ఎవరు స్వాతి అంటరు చిన్నతాతా?"

"ఇయ్యాల్టి నుంచి అంటం."

అప్పుడే గేటు దగ్గర గంట మోగింది. పైభాగం అద్దెకు అడగడానికి ఒకామె వచ్చింది. మణుగూరు అవతలి అడవి పల్లెమనిషి, ఆరోగ్య కేంద్రంలో నర్సు, ఖమ్మానికి బదిలీ అయిందట. తమ్ముడు గేటు తెరవకుండానే, కడ్డీల మధ్య నుంచి, ఎంతో మర్యాదగా అడిగాడు: "ఏ ఊరమ్మా మీది? ఊళ్లో మీ ఇల్లు ఎటువైపు?"

ఆమె నవ్వింది. "మా ఊళ్ల వైపుల్లేవు సార్. చుట్టూ అడవే."

"చూసి చెప్తాం లేమ్మా. వేరేవాళ్లు కూడా అడిగి ఉన్నరు," అని తమ్ముడు తిరిగొచ్చి కూర్చున్నాడు. ఎవరూ అడగలేదని బోర్డు మీది దుమ్మే చెబుతోంది. కానీ నన్ను కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టింది ఆ దుమ్ము కాదు, ఆ ప్రశ్న. 'ఊళ్లో మీ ఇల్లు ఎటువైపు?' ఆ ప్రశ్నను నేను ఎరుగుదును. ఎక్కడ పుట్టిందో, ఎవరి నోట మొదట విన్నామో, అప్పుడు మా తమ్ముడి ముఖం ఏ రంగుకు తిరిగిందో అన్నీ ఎరుగుదును. ఊరికి ఏ దిక్కున ఎవరుంటారో తెలిసినవాళ్లకు కులం పేరు ఎత్తాల్సిన పనే ఉండదు, దిక్కు చెబితే చాలు.

కెజియా ఊరుకోలేదు. "చిన్నతాతా, మీరు చదువుకున్నప్పుడు ఎక్కడున్నరు?"

"విద్యానగర్‌లోనే," అన్నాడు తమ్ముడు, నా వైపు చూడకుండా. "మంచి కుటుంబం. కన్నబిడ్డ లెక్క చూసుకున్నరు."

పక్కన పిల్లలున్నారని టీ తాగి ఊరుకున్నాను. ఊరుకున్నది ఆ పూటకే. ఇక చెబుతాను.

మా ఊరు పెనుబల్లికి అవతల. ఊరు దాటితే చేలు, చేలు దాటితే అడవి. మా నాన్న అడవిలో వెదురు నరికే కూపుల్లో పనిచేసేవాడు. అమ్మ ఎండాకాలం తునికాకు తెంపేది. ఆ రోజుల్లో మా ఇల్లంతా ఒకటే వాసన, ఎండుతున్న ఆకు వాసన. దాని మీద ఎండుచేపల కూర వాసన, దాని మీద నాన్న రాత్రి ప్రార్థనకు వెలిగించే కిరసనాయిలు దీపం వాసన. నాన్న ప్రార్థన ఎప్పుడూ ఒకే మాటతో ముగిసేది: "రత్నం చదువు, పెద్దోడి ఓపిక నీ చేతుల్ల ఉన్నయి ప్రభువా." చదువు వాడికి, ఓపిక నాకు. దేవుడు ఎవరి వాటా వాళ్లకు సరిగ్గానే పంచాడు. నాన్న కాలి మీద వెదురు మోపు పడ్డప్పుడు నేను బడి మానేశాను, వాడు మానలేదు. దీని మీద నాకు కోపం లేదు. నా కోపాలు వేరే ఉన్నాయి.

అడవి పల్లెల్లో నాన్న నేర్చుకున్న పద్ధతులు కొన్ని మా ఇంట్లో నడిచేవి. ఎవరొచ్చినా ముందు చెంబెడు నీళ్లు. నీళ్లు తాగి మూతి తుడుచుకునేదాకా ఎవరివి, ఎందుకొచ్చావు అని అడగకూడదు. దాహంతో ఉన్నవాణ్ణి ప్రశ్నలడగడం పోలీసు పని అనేవాడు నాన్న. ఇంకో పద్ధతి, నీడ అడగడానికి పోయేవాళ్లు ఒట్టి చేతులతో పోకూడదు, కోడితో పోవాలి. పాక వేసుకోవడానికి ఇంత చోటు కావాలన్నా, వానాకాలం తల దాచుకోవాలన్నా, ఆ ఇంటి పెద్ద చేతిలో కోడిని పెట్టి అడగాలి. పెద్దమనిషి కోడిని అందుకుంటే చోటు ఇచ్చినట్టే. మళ్లీ మాట అక్కర్లేదు.

తమ్ముడికి యూనివర్సిటీలో సీటు వచ్చినప్పుడు అమ్మ చేసిన మొదటి పని సీటు కాగితం చూడటం కాదు, దొడ్లోకి పోయి డేగ పుంజును పట్టుకోవడం. మా ఇంట్లో ఉన్నవాటిలో అదే అందగాడు. మెడ మీద ఎర్రటి ఈకలు, నడకలో పటేలు దర్జా. కాళ్లు కట్టి నా చంకలో పెట్టింది.

"ఇంత దూరం పట్నానికి పుంజేందమ్మా, నవ్వుతరు!" అన్నాడు తమ్ముడు.

"నవ్వేటోడు నీడ ఇస్తడా? ఇచ్చేటోడు నవ్వడు," అంది అమ్మ. "పెద్దోడా, ఇల్లిచ్చినోళ్ల చేతిల్నే పెట్టాలె. మధ్యల ఎవ్వరికియ్యకు."

వాణ్ణి దించి, గది కుదిర్చి రావడం నా బాధ్యత. ఖమ్మం దాకా బస్సు, అక్కడి నుంచి ప్యాసింజరు బండి. బండిలో తమ్ముడు నాకు ఎదురు బల్ల మీద కూర్చున్నాడు, నేను ఎవరో అన్నట్టు. డోర్నకల్ దాటాక పుంజు గొంతు సవరించుకోబోతే, లేచి వచ్చి నా భుజం మీది తువ్వాలు తీసి దాని మీద కప్పాడు. పుంజు రాత్రయిందనుకుని ఊరుకుంది. మా తమ్ముడు యూనివర్సిటీకి చేరకముందే చేసిన మొదటి పరిశోధన అది. తువ్వాలు కప్పితే పుంజు పుంజని తెలియదు. ఆ సిద్ధాంతం మీదే వాడు మిగిలిన జీవితమంతా గడిపాడు.

మొదట మా ఊరి పాస్టరు గారిచ్చిన చీటీ పట్టుకుని పట్నంలో ఒక పెద్ద పాస్టరు గారి బంగళాకు పోయాం. ఆయన మా మాట విని, చాలా బాధపడి, కళ్లు మూసుకుని మా కోసం ప్రార్థన చేశాడు. అంత పొడుగు ప్రార్థన మా నాన్న కూడా చేయలేదు. అందులో మాకు దేవుని రెక్కల చాటున నివాసం అడిగాడు. ఆమెన్ అన్నాక తానే గేటు దాకా వచ్చి సాగనంపాడు. బంగళా వెనక ఖాళీ గదులు వరసగా కనబడుతూనే ఉన్నాయి. దేవుని రెక్కలుండగా గదులెందుకు అనుకుని ఉంటాడు.

తరవాత విద్యానగర్. అవును, మా తమ్ముడు విద్యానగర్‌లో ఉన్న మాట నిజమే. ఒక ఇంటి వరండాలో ఉన్నాడు, ఒక గ్లాసు మజ్జిగ తాగేంతసేపు. ఆ మజ్జిగ తాగింది ఇంటి యజమాని. ఆయన జేబులో రెండు పెన్నులు, ముఖాన ఎంతో దయ. గది వీధివైపు, కిటికీ, బల్ల, తలుపుకు లోపల గొళ్లెం. తమ్ముడి కళ్లు ఆ బల్లకు అతుక్కుపోయాయి.

"ఏ ఊరు బాబూ మీది?" అన్నాడాయన.

"పెనుబల్లి పక్కనండి."

"ఓహో. మంచి ఊళ్లు అటు. ఊళ్లో మీ ఇల్లు ఎటువైపు?"

తమ్ముడు బల్ల మీంచి చూపు తియ్యకుండానే, "తూర్పువైపండి" అన్నాడు. మా ఊరికి తూర్పున ఉన్నది కరణం గారి ఇల్లు, రామాలయం, నాలుగు తాటిచెట్లు. మా నాన్న అటు చెప్పులు వేసుకుని నడిచినవాడు కాడు.

"మరి భోజనం సంగతి? మా ఇంట్లో ఆచారం కొంచెం..."

"మేం మాంసం ముట్టమండి! వాసన కూడా పడదు!" అన్నాడు తమ్ముడు. ఆ ఊపులో నా వైపు చెయ్యి చాపి, "మా అన్నకైతే కోడిని చూస్తేనే వాంతి వస్తది" అని కలిపాడు. ఆ చెయ్యి తగిలి తువ్వాలు జారింది.

చీకట్లో పొద్దుటి నుంచి మగ్గిన పుంజు. ఒక్కసారి వెలుతురు పడేసరికి, పట్నానికి తెల్లవారిందనుకుని, మెడ సాచి, రెండు వీధులు మేలుకునేలా కూసింది. కూసి ఊరుకోక, మా ఇంటి మర్యాద ఎరిగినదానిలా, యజమాని ముఖంలోకి చూసి ఇంకోసారి కూసింది. ఆయన ముఖంలో దయ ఎటుపోయిందో తెలియలేదు. లోపలి నుంచి ఆవిడ చెంబుతో వచ్చింది. నీళ్లు ఇప్పుడిస్తారన్నమాట అనుకున్నాను. అవి పసుపు నీళ్లు. మేం లేవగానే మేం కూర్చున్న చోట చల్లింది.

వీధిలోకి వచ్చాక తమ్ముడు నా మీద విరుచుకుపడ్డాడు. "ఈ పుంజు లేకపోతే గది దొరికేది! నా చదువు పోతే నీదే పాపం! ఏడనన్న ఒదిలిపెట్టిరా దాన్ని!"

"గది దొరికేది, అవ్," అన్నాను. "రెండేండ్లు కోడి వాసన పడనోని లెక్క ఏడ బతుకుతవ్‌రా? కలల గూడ పప్పు తినాలె."

వాడు రోడ్డు మీద నిలబడి ఏడ్చాడు. అంత పెద్దవాడు, ఇంటర్ పాసయినప్పుడు కూడా తడవని కళ్లు. ఆ కన్నీళ్ల మీద నేను ఇప్పుడు కూడా జోకు వేయలేను.

ఇంకో ఇంట్లో ఆచారం లేదు. పుంజును చూడగానే ఆ ఇంటాయన ముఖం వెలిగింది. కాళ్లు పట్టి బరువు చూశాడు, రొమ్ము నొక్కి చూశాడు. మా ఊరి పేరు వినగానే, "పుంజును ఇక్కడ ఉంచి పొండి, గది సంగతి రేపు మాట్లాడుకుందాం" అన్నాడు. రేపటికి పుంజు ఏ స్థితిలో ఉంటుందో, మేం ఏ స్థితిలో ఉంటామో నాకు అర్థమైంది. లాక్కుని వచ్చేశాను.

నడుచుకుంటూ, నడుచుకుంటూ సీతాఫల్‌మండి రైలు పట్టాల పక్క సందుల్లోకి దిగాం. కుళాయి దగ్గర ఒక ముసలామె బిందె నింపుకుంటోంది. ఆమెను అందరూ బడీ బీ అంటారని తరవాత తెలిసింది. రైల్వేలో పనిచేసే మొగుడు పోయి, దొడ్లో ఒక రేకుల గది మిగిలినామె. మమ్మల్ని చూడలేదు, తమ్ముడు మోస్తున్న పుస్తకాల పెట్టెను చూడలేదు. పుంజు ముక్కు తెరుచుకుని ఉండటం చూసింది.

"అరె బేటా! దానికి నీళ్లు పెట్టిన్రా లేదా? గొంతెండి చస్తది పాపం!"

దోసిట్లో నీళ్లు పట్టి పుంజుకు తాగించింది. తరవాత గిన్నె కడిగి నీళ్లు పట్టి మాకిచ్చింది. మేం తాగి మూతి తుడుచుకునేదాకా నిలబడింది. అప్పుడు అడిగింది, "ఏడికి పోతున్రు?" అని. నేను తమ్ముడి వైపు చూడలేదు. పుంజును ఆమె చేతుల్లో పెట్టి, "నీడ కావాలె అమ్మా, వీడు చదువుకుంటడు" అన్నాను. ఆమెకు మా పద్ధతి తెలియదు. అయినా పుంజును అందుకుంది. కాళ్ల తాడు విప్పుతూ తన షరతు చెప్పింది: "నమాజ్ టైముల రేడియో బంద్ పెట్టాలె. గంతే. ఇంకేం లేదు."

పుంజును ఆమె కోయలేదు. "ఇల్లడగ వచ్చిన కోడి, ఇంట్లనే ఉంటది" అంది. అది తెల్లవారుజామునే రేకు మీదికెక్కి కూసేది. ఆ కూతకు లేచి మా తమ్ముడు చదువుకునేవాడు. వాడు ఫస్టు క్లాసులో పాసవడంలో సగం పుంజుది, పావు బడీ బీది. మిగిలిన పావు కోసం వాడితో నేను తగవు పెట్టుకోను. వాడికి జ్వరం వచ్చినప్పుడు దవాఖానాకు ఆమే తీసుకుపోయింది. తనకూ వాడికీ ఒకే గిన్నెలో వండేది. నేను కూడా కొన్ని నెలలు అక్కడే ఉండి, చిత్తుకాగితాల గోదాంలో పనిచేశాను. యూనివర్సిటీ పిల్లలు తూకానికి వేసిన పుస్తకాలన్నీ అక్కడికే వచ్చేవి. వాళ్లు సగం చదివి వదిలేసిన పుస్తకాలను నేను రెండో సగం నుంచి చదివాను. అందుకే నాకు ప్రతి విషయంలోనూ ముగింపు ముందు తెలుస్తుంది.

తమ్ముడికి ఉద్యోగం వచ్చింది. ఉద్యోగం పెరిగేకొద్దీ వాడి మాటల్లో బడీ బీ ఇల్లు కదలడం మొదలుపెట్టింది. మొదట "స్టేషన్ దగ్గర ఒక ముసలామె" అన్నాడు. తరవాత "యూనివర్సిటీ దగ్గర ఒక కుటుంబం" అన్నాడు. ఏడాదికి ఇన్ని అడుగుల చొప్పున ఆ రేకుల గది పట్టాల మీదుగా నడుచుకుంటూ పోయి, ఇప్పుడు విద్యానగర్‌లో, పసుపు నీళ్లు చల్లిన ఆ వరండాలోనే పోయి కూర్చుంది.

కెజియాతో నేనే పోయాను హైదరాబాదుకు. పుంజును పట్టుకుపోదామా అని అడిగితే నవ్వి, వాళ్లమ్మ పెట్టిన కోడి పచ్చడి డబ్బా చూపించింది. పట్నం ఎంతో మారింది. అప్పట్లో ఊళ్లో ఎటువైపని అడిగినవాళ్లు ఇప్పుడు అట్లా అడగరు, చదువుకున్నారు. "మాకేం పట్టింపుల్లేవు సార్, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ రూలు, ప్యూర్ వెజ్ మాత్రమే" అంటారు. పట్టింపు ఇంట్లోంచి లేచి అసోసియేషన్‌లో చేరింది. హాస్టళ్లలోనైతే ప్లైవుడ్ అడ్డం పెట్టి ఒక గదిని నాలుగు చేశారు. మిషన్ మీద వేలు పెడితే గాని తలుపు తెరుచుకోదు. మా దొడ్లో కోళ్ల గూడు ఇంతకంటే విశాలం, దానికి వేలిముద్ర కూడా అక్కర్లేదు.

సాయంత్రానికి నాన్న ప్రార్థనలో నా వాటాకు వచ్చిన ఓపిక కూడా అయిపోయింది. "బిడ్డా, చిన్నతాత చెప్పినట్టు స్వాతి అనరాదు ఒక్కసారి?" అన్నాను. కోపంతో అన్నానో, అలసిపోయి అన్నానో తెలియదు.

"తాతా, అబద్ధం చెప్పుడు ఒక్క నిమిషమే. దాని కింద బతుకుడు రెండేండ్లు. నాతోని కాదు," అంది. ఆ తరవాత ఏ ఇంటి గంట కొట్టినా తలుపు తెరవగానే తనే మొదలుపెట్టేది: "నమస్తే అండి, నా పేరు కెజియా. కోడి తింటం, గొడ్డు కూర తింటం, ఆదివారం చర్చికి పోతం. రూం చూపిస్తరా?" అంత వేగంగా మూసుకున్న తలుపుల్ని నేను ఎన్నడూ చూడలేదు. కానీ ఒకటి చెప్పాలి, సమయం బాగా కలిసొచ్చింది. ఒక్కో ఇంటి ముందు మజ్జిగ తాగేంతసేపు నిలబడాల్సిన పని తప్పింది.

దీపాలు పెట్టే వేళకు తార్నాక వెనక సందులో, కింద టైలరింగ్ షాపున్న ఇంట్లో, ఒకామె మెడలో టేపు వేలాడుతుండగా ఈ పాఠమంతా విన్నది. విని, "అదంతా సరే గాని, గిన్నెలు ఎవరు తోముతరు? స్టవ్ మీద పొంగిస్తే నువ్వే తుడవాలె. నేను తుడువ" అంది. కెజియా నా వైపు చూసింది. నేను ఆ మెట్ల మీదే కూర్చుండిపోయాను. ఆమె లోపలికి పోయి నీళ్ల సీసా తెచ్చింది. "పెద్దాయన ఆయాసపడుతున్నడు, ముందు తాగమను."

కెజియాను ఆ ఇంటి గదిలో దింపి, మర్నాడు బడీ బీ సందు కోసం వెతికాను. అక్కడ ఐదంతస్తుల హాస్టల్ ఉంది. కాపలా అతను వేలు పెట్టమన్నాడు. నేను పెట్టలేదు.

ఖమ్మం తిరిగొచ్చాక తమ్ముడు ఫోన్ చేశాడు. "దొరికిందా? స్వాతి అనే చెప్పిందా?" అని. "వచ్చి చెప్తా" అన్నాను. మా కోడలి దొడ్లో ఉన్న ఎర్ర పుంజును అడిగి తీసుకుని, షేర్ ఆటో ఎక్కి ఖానాపురం హవేలిలో దిగాను. వీధిలో అన్ని మేడల మీదా మనుషులున్నారు. టు-లెట్ బోర్డు అట్లాగే వేలాడుతోంది. గంట కొట్టాను.

తమ్ముడు వచ్చాడు. గేటు కడ్డీల మధ్య నుంచి ముందు పుంజును చూశాడు, తరవాత నన్ను.

"ఇదేందన్నా?"

"అడవి పల్లె నుంచి ఒకామె ఇల్లడగ వచ్చింది గద. నౌకరీ చేసే మనిషి, పాత పద్ధతి మరిచి ఒట్టి చేతుల్తో వచ్చింది. ఆమె దిక్కెల్లి నేను తెచ్చిన. అందుకో."

వాడి చూపు ఎదురు మేడ మీదికి పోయింది. గబగబా గేటు తీసి, నా భుజం మీది తువ్వాలు లాగి పుంజు మీద కప్పాడు. "ముందు లోపలికి తే అన్నా, ఎదురింటోళ్లు చూస్తరు!"

ఆ చెయ్యి అదే చెయ్యి, డోర్నకల్ దాటాక చాపిన చెయ్యి. నేను తువ్వాలు తీసేశాను. పుంజు మెడ సాచి, వీధి మొత్తానికి చెప్పాల్సింది చెప్పింది. ఎదురు మేడ మీద ఇద్దరు లేచి చూశారు. తమ్ముడు కదల్లేదు. గేటు మూయలేదు, లోపలికి పోలేదు. పుంజు నోరు తెరుచుకుని ఆయాసపడుతుంటే దాని వైపే చూస్తూ నిలబడ్డాడు. ప్రిన్సిపాలు గొంతు కాని గొంతుతో, మెల్లగా అన్నాడు:

"నీళ్లు పెట్టినవా లేదా దానికి? గొంతెండి చస్తది."

"ఈ మాట ఏడ నేర్చుకున్నవ్‌రా?" అని అడిగాను. "విద్యానగర్లనా?"